ట్యాబ్ పెద్దదైతే చాలదు

సూరత్‌లో తాపీ నదికి ఉత్తరాన ఉంది అమ్రోలి. అక్కడి అంజనీ ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో షెడ్డుకి షెడ్డు ఆనుకుని ఉంటుంది. లోపల సాంచాల (మరమగ్గాల) మోత. నేతపని చేసేవాళ్లలో చాలామంది ఒడిశాలోని గంజాం జిల్లా నుంచి వచ్చినవాళ్లు. సూరత్ తెలుగువాళ్లు ఎక్కువగా నదికి దక్షిణాన లింబాయత్, ఉధనా వైపు ఉంటారు. తెలంగాణ జిల్లాల నుంచి మగ్గం వెంట వలసపోయిన పద్మశాలి కుటుంబాలే వాళ్లలో పెద్ద భాగం. అయితే సూరత్ గుడ్డకి ఈ ఒడ్డు, ఆ ఒడ్డు అని లేదు. ఒకచోట నేసిన గ్రే (రంగు వేయని గుడ్డ) మరోచోట రంగు వేయించుకుని, ఇంకోచోట ఎంబ్రాయిడరీ కుట్టించుకుని, రింగ్ రోడ్డు మార్కెట్ల మీదుగా విజయవాడ వస్త్రలతకో, చీరాలకో, హైదరాబాద్‌కో చేరుతుంది. ఆ బేరసారాలు ఇవాళ చాలావరకు వాట్సాప్ ఫొటోల మీదే నడుస్తాయి.

అమ్రోలిలో ఎంబ్రాయిడరీ జాబ్‌వర్క్ చేసే ఒక తెలుగు కుటుంబం ఉందనుకుందాం. విజయవాడ సేటు చీర ఫొటో పంపుతాడు. "ఇదే బుట్టా, కాస్త చిన్నది చెయ్యి. రంగు ముదురుగా ఉండాలి. నలభై చీరలు. రేటు చెప్పు." ఆ ఫొటో చూడాలి, తన దగ్గరున్న డిజైన్లలో దానికి దగ్గరిది వెతకాలి, కుట్లెన్నో చూసి రేటు కట్టాలి, చలాన్ రాయాలి. ఫోన్‌లో ఇదంతా ఒకదాని తర్వాత ఒకటి చేయాల్సిందే. ఫొటో మూసి డిజైన్ తెరిచేసరికి బుట్టాకి ఎన్ని రేకులున్నాయో మరచిపోతాం. మళ్లీ వెనక్కి, మళ్లీ ముందుకి.

ఈ బాధ తీరుతుందనే పెద్ద ట్యాబ్ కొంటారు. కొన్న తర్వాత చాలామంది చేసేదేమిటంటే ఒకే యాప్‌ని తెర నిండా తెరిచి, దాన్ని పెద్ద ఫోన్‌లా వాడుకోవడం. తెరను రెండుగా చీల్చే వసతి అందులో ఉందని కొందరికి తెలియదు. తెలిసినవాళ్లు ఒకటి రెండుసార్లు ప్రయత్నించి, విసిగి వదిలేస్తారు. తప్పు వాళ్లది కాదు. తెర పెరిగినంత తేలిగ్గా, దాన్ని పంచే పద్ధతి కుదరలేదు.

చీరల కుప్ప

కంప్యూటర్ తెర మీద విండోలు ఒకదాని మీద ఒకటి పడి ఉండటం మనకు అలవాటు. బట్టల కొట్లో పరుపు మీద చీర మీద చీర పరిచినట్టు ఉంటుంది అది. కింది చీర అంచు కనిపిస్తే చాలు, లాగి పైన వేస్తాం. కానీ ఆ కుప్ప ఎంత పెరిగితే సర్దడానికి అంత సమయం పోతుంది. ఈ సంగతి అమెరికాలోని జిరాక్స్ కంపెనీకి తొందరగానే తెలిసింది. 1981లో వాళ్లు స్టార్ అనే ఆఫీసు కంప్యూటర్ తెచ్చారు. జనం విండోలు ఒకదాని మీద ఒకటి పడకుండా జరుపుకోవడానికే బోలెడంత సేపు వెచ్చిస్తున్నారని గమనించి, స్టార్‌లో అప్లికేషన్ విండోలు కుప్ప పడకుండా పక్కపక్కనే నిలిచేటట్టు కట్టడి చేశారు. 17 అంగుళాల తెర ఉంది కాబట్టి కుప్ప వేయాల్సిన అవసరం కూడా తగ్గిందనుకున్నారు. తర్వాత తెర 15 అంగుళాలకు తగ్గినప్పుడు, కావాలంటే కుప్ప వేసుకునే వీలు ఇచ్చారు. మైక్రోసాఫ్ట్ కూడా 1985లో విండోస్ మొదటి వెర్షన్‌లో విండోలను పక్కపక్కనే పేర్చింది. 1987లో రెండోది వచ్చేనాటికి కుప్పకు మారింది. ఆ తర్వాత మౌస్ రాజ్యంలో కుప్పే గెలిచింది.

2010లో ఐప్యాడ్ వచ్చినప్పుడు ఈ గొడవే లేదు. 9.7 అంగుళాల తెర, దాని నిండా ఒకే యాప్. పక్కపక్కన రెండు పెట్టే వసతిని ఆపిల్ 2015లో ఇచ్చింది, 12.9 అంగుళాల ఐప్యాడ్ ప్రో వచ్చింది కూడా ఆ ఏడాదే. శాంసంగ్ ఇంకా ముందే, 2012లో గెలాక్సీ నోట్ 10.1లో తెరను రెండుగా చీల్చి చూపించింది, కాకపోతే కొన్ని యాప్‌లకే. ఆండ్రాయిడ్ మొత్తానికీ ఆ వసతి 2016లో ఏడో వెర్షన్‌తో వచ్చింది. 2012లోనే విండోస్ 8 కూడా తెర అంచున రెండో యాప్‌కి సన్నటి పట్టీలాంటి చోటిచ్చింది; పట్టీ మరీ సన్నం కావడంతో మరుసటి ఏడాదే సరిసగం చేసుకునే వీలు కల్పించాల్సి వచ్చింది. ఇన్ని కంపెనీలు, ఇన్నేళ్లు. అసలు చిక్కు ఎక్కడుందో చూద్దాం.

వేలు మౌస్ కాదు

మౌస్ బాణం కొస ఒక్క చుక్క మీద ఆగుతుంది. వేలి కొస అలా కాదు. కనీసం ఏడెనిమిది మిల్లీమీటర్ల చోటు ఉంటే తప్ప గురి కుదరదు. గూగుల్ తన యాప్ తయారీదారులకు చెప్పే కనీస కొలత 48 డీపీ. డీపీ అంటే తెరలో చుక్కలు ఎంత దట్టంగా ఉన్నా మారని కొలత, అంగుళానికి 160. ఆ లెక్కన 48 అంటే సుమారు ఏడున్నర మిల్లీమీటర్లు. ఆపిల్ చెప్పే 44 పాయింట్లు మామూలు ఐప్యాడ్ మీద ఎనిమిదిన్నర మిల్లీమీటర్ల దాకా వస్తాయి. గురి పెట్టే వస్తువు చిన్నదయ్యేకొద్దీ, దూరమయ్యేకొద్దీ అందుకోవడానికి ఎక్కువ సమయం పడుతుందని అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ ఫిట్స్ 1954లోనే సూత్రం కట్టాడు. అప్పటికి మౌస్ కూడా లేదు.

కంప్యూటర్ విండో అంచు నాలుగైదు చుక్కల గీత. మౌస్‌తో దాన్ని పట్టుకుని లాగొచ్చు. వేలితో అదే గీతను పట్టుకోబోతే పక్కనున్న బటన్ నొక్కుకుంటుంది. అందుకే ట్యాబ్‌లో రెండు విండోల మధ్య ఉండే గీత కంటికి సన్నగా కనిపించినా, వేలికి లావుగా తగలాలి. అంటే గీతకు అటూ ఇటూ కనిపించని చోటును కూడా తాకితే పలికేటట్టు చేయాలి. ఈ చిన్న జాగ్రత్త లేని ట్యాబ్‌లో తెర పంచడం ఒక శిక్ష. ఇక కార్ఖానాలో చెమట, నూనె, గుడ్డ నూగు అంటిన వేళ్ల సంగతి చెప్పనక్కర్లేదు.

ఇంకో తేడా ఉంది. మౌస్ బాణాన్ని బటన్ మీద ఆపితే అదేమిటో చిన్న అక్షరాల్లో చెప్తుంది. వేలికి అలా పైన ఆగి చూసే అవకాశం లేదు, తాకడమో, తాకకపోవడమో. పైగా తాకిన చోటును వేలే కప్పేస్తుంది. విండోను మూసే గుర్తు, పెద్దది చేసే గుర్తు, పక్కకు పంపే గుర్తు మూడూ ఒకేచోట గింజల్లా పెడితే మౌస్‌కి చెల్లుతుంది, వేలికి చెల్లదు.

మూడోది చేతి అందుబాటు. ట్యాబ్‌ని రెండు చేతుల్లో పట్టుకుంటే బొటనవేళ్లు రెండు పక్కల అంచులనే అందుకుంటాయి. నడిమధ్య భాగం వాటికి దూరం. బల్ల మీద పెడితే ఏ మూలైనా అందుతుంది. 14.6 అంగుళాల గెలాక్సీ ట్యాబ్ ఎస్8 అల్ట్రా బరువు 700 గ్రాములు దాటుతుంది. దాన్ని ఎంతసేపని చేత్తో మోస్తాం? కాబట్టి పెద్ద ట్యాబ్ ఎక్కువగా బల్ల మీదో, స్టాండ్ మీదో ఉంటుందని అనుకుని గీయడమే నయం. అంచుల దగ్గర ఇంకో చిక్కు ఉంది. చాలా యాప్‌లలో ఎడమ అంచు నుంచి వేలిని లోపలికి జరిపితే మెనూ వస్తుంది. ఆ యాప్‌ని కుడి సగంలో పెట్టామనుకోండి, దాని ఎడమ అంచు ఇప్పుడు తెర నడిమధ్యకు వచ్చింది. అక్కడే విండోలను విడదీసే గీత కూడా ఉంది. మెనూ కోసం జరిపితే గీత కదులుతుంది. యాప్ గీసినవాడు తన యాప్ తెర నిండా ఉంటుందనే నమ్మకంతో గీస్తే వచ్చే తంటా ఇది.

ఏ పనికి ఎంత చోటు

మళ్లీ ఆ జాబ్‌వర్క్ గదికి వెళ్దాం. అక్కడ జరిగే పనులు మూడు రకాలు. సేటు పంపిన ఫొటోనీ తన డిజైన్‌నీ పోల్చి చూడాలి: ఇక్కడ రెండింటికీ సమానమైన చోటు కావాలి, రెండింటినీ విడివిడిగా పెద్దవి చేసి చూసే వీలుండాలి. (ఒకే తెర మీద కాబట్టి రంగుల తేడా పట్టుకోవచ్చు. అంతమాత్రాన రంగు ఖాయం చేయకూడదు. దానికి దారం కట్ట పట్టుకుని వెలుగులోకి వెళ్లాల్సిందే.) ఆ తర్వాత సేటు సందేశం చూస్తూ చలాన్ నింపాలి: సందేశానికి మూడో వంతు చాలు, చలాన్‌కి మిగతాదంతా ఇవ్వాలి. మధ్యలో ఒక్కసారి కాలిక్యులేటర్ కావాలి: దానికి స్థిరమైన చోటే అక్కర్లేదు, పైన తేలుతూ వచ్చి, లెక్క అయ్యాక ఒక్క తాకుడుతో పోతే చాలు.

కొట్టు పని, బడి పని, ఆఫీసు పని, ఏది చూసినా దాదాపు ఈ మూడింట్లో ఒకదానికి వచ్చి చేరుతుంది. పోల్చడం, చూసి రాయడం, ఒక్క క్షణం తొంగిచూడటం. అందుకే పెద్ద ట్యాబ్‌లో సరిసగం, ఒకటికి రెండు, పైన తేలే చిన్న విండో అనే ఏర్పాట్లు సిద్ధంగా ఉంటే రోజువారీ పని సాగిపోతుందని నా అభిప్రాయం. అంగుళం అంగుళం జరుపుకునే స్వేచ్ఛ వినడానికి బాగుంటుంది. వాడేవాడికి అది అదనపు చాకిరీ. గీతను వదిలిన చోట వదలకుండా దగ్గరున్న కొలతకు అదే అతుక్కోవాలి. రోజూ కలిపి వాడే రెండు యాప్‌లను జంటగా దాచుకుని ఒకే గుర్తు మీద తాకి తెరిచే వసతి శాంసంగ్ ఇస్తోంది. వాట్సాప్, చలాన్ ఒక జంట. నా దృష్టిలో ఇలాంటి ట్యాబ్‌లలో అన్నిటికన్నా పనికొచ్చే వసతి అదే, అన్నిటికన్నా తక్కువ ప్రచారం పొందింది కూడా అదే.

కొలతలు వేసి చూస్తే మరో సంగతి బయటపడుతుంది. 11 అంగుళాల ట్యాబ్‌ని అడ్డంగా పెడితే తెర వెడల్పు సుమారు 24 సెంటీమీటర్లు. సగం చేస్తే 12, మూడో వంతు 8. మామూలు ఫోన్ తెర వెడల్పు 7 సెంటీమీటర్ల లోపే. అంటే మూడో వంతులో ఫోన్ యాప్ హాయిగా ఇముడుతుంది. సగం మాత్రం ఫోనూ కాదు, ట్యాబూ కాదు. గూగుల్ కూడా ఈ తేడాను గుర్తించి 600 డీపీ లోపున్నది చిన్న విండో, 600 నుంచి 840 లోపు మధ్యరకం, ఆపైన పెద్దది అని విభజించింది. ఇక్కడ కీలకం ఏమిటంటే ఆ కొలత పరికరానిది కాదు, విండోది. "ఇది ట్యాబ్" అని ఒక్కసారి చూసుకుని పెద్ద బొమ్మలు పరిచే యాప్ సగం తెరలో ఇరుక్కుంటుంది. "ఇప్పుడు నాకెంత చోటుంది" అని ప్రతిసారీ చూసుకునేది బతుకుతుంది.

చాలా యాప్‌లు ఇందులో ఫెయిలవుతాయి. కొన్ని తెర పంచడానికే ఒప్పుకోవు. కొన్ని నిలువుగా తప్ప నిలవనని మొండికేసి, రెండు పక్కలా నల్లటి పట్టీలతో మధ్యలో నిలబడతాయి. వీటితో విసిగిన గూగుల్ 2025లో వచ్చిన ఆండ్రాయిడ్ 16లో ఒక నిర్ణయం తీసుకుంది. దానికి తగ్గట్టు తయారుచేసే యాప్‌లకు (ఆటలు మినహా) పెద్ద తెరల మీద ఇక మామూలుగా అలా మొండికేయడం కుదరదు. ఎంత చోటిస్తే అంతలో సర్దుకోవాలి.

అన్నిటికన్నా కోపం తెప్పించే లోపం ఇంకొకటి ఉంది. చలాన్ సగం నింపాం, పక్కన వాట్సాప్ తెరిచాం. తిరిగి చూస్తే చలాన్ ఖాళీ. ఆండ్రాయిడ్‌లో విండో కొలత మారినప్పుడు, తెర తిప్పినప్పుడు, యాప్ ఆ పేజీని చెరిపి మళ్లీ మొదటి నుంచి గీయడం సహజ పద్ధతి. అంతకుముందు నింపిన వివరాలను పక్కన భద్రం చేసి, గీశాక తిరిగి పెట్టే బాధ్యత యాప్ రాసేవాళ్లది. అది మరచిపోయినవాళ్ల వల్ల "తెర పంచితే రాసింది పోతుంది" అనే భయం జనంలో పాతుకుపోయింది. ఆ భయం ఒక్కసారి పట్టుకుంటే మళ్లీ ఆ వసతి జోలికి ఎవరూ వెళ్లరు.

కీబోర్డు, తెలుగు అక్షరం

తెర పంచడంలో అసలు పరీక్ష టైపు చేసేటప్పుడు మొదలవుతుంది. 11 అంగుళాల ట్యాబ్ అడ్డంగా ఉన్నప్పుడు తెర ఎత్తు సుమారు 15 సెంటీమీటర్లు. కీబోర్డు పైకి లేచిందంటే అందులో సగానికి సగం పోతుంది. మిగిలిన ఏడెనిమిది సెంటీమీటర్లలో రెండు విండోలు, వాటి శీర్షిక పట్టీలు, బటన్లు. రాసే గడి కీబోర్డు వెనక దాక్కుంటే యాప్ దాన్ని పైకి జరపాలి. ఇంతకీ కీబోర్డు ఏ విండోది? మనం చలాన్‌లో రాస్తున్నామనుకుంటాం, అక్షరాలు వాట్సాప్‌లో సేటుకి వెళ్తుంటాయి. ప్రస్తుతం ఏ విండో "వింటోందో" దూరం నుంచి చూసినా తెలిసేటట్టు ఉండాలి. విండో పైన ఉండే చిన్న చుక్కల రంగు మారితే చాలదు.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 డిసెంబరులో 8వ తరగతి పిల్లలకు పంచిన ట్యాబ్‌ల తెర 8.7 అంగుళాలు. దాన్ని అడ్డంగా పెడితే ఎత్తు 11 సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ. ఒకపక్క పాఠం వీడియో, మరోపక్క నోట్సు అంటే ఆలోచన బాగానే ఉంది. కీబోర్డు వచ్చిందంటే పాఠం అగ్గిపెట్టెంత అవుతుంది. అంత తెర మీద నోట్సు కాగితం మీద రాసుకోవడమే మేలు.

తెలుగు విషయానికొస్తే ఇరుకు ఇంకా ఎక్కువ. ఇంగ్లిష్ అక్షరాలు ఒక పంక్తిలో పొందిగ్గా కూర్చుంటాయి. మన అక్షరానికి పైన తలకట్టు, గుడి, ఏత్వం; కింద వత్తు. 'స్త్రీ' లాంటి చోట కింద రెండు వత్తులు వేలాడతాయి. విండో చిన్నదైనప్పుడు పంక్తుల మధ్య చోటు తగ్గించే యాప్‌లలో వత్తుల కాళ్లు తెగుతాయి, లేదా కింది పంక్తి గుడికి తగులుకుంటాయి. మాటలు కూడా పొడుగు. ఇంగ్లిష్‌లో మూడు నాలుగు అక్షరాల్లో అయిపోయే బటన్ పేరు తెలుగులో రెట్టింపు చోటు అడుగుతుంది. మూడో వంతు విండోలో "డౌన్‌లో…" దగ్గర ఆగిపోయి మూడు చుక్కలు మిగులుతాయి. ఇంగ్లిష్‌లో గీసి తెలుగులోకి దించితే ఇంతే. ముందు తెలుగు మాటలు పెట్టి, అవి ఇమిడాక ఇంగ్లిష్ పెట్టి చూస్తే ఈ బెడద ఉండదు.

తెలుగు లిపిని పెద్ద కంపెనీలు ఎంత ఆఖరున పరీక్షిస్తాయో 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా చూసింది. 'జ్ఞా' అక్షరంలో కంటికి కనిపించని ఒక విడదీసే గుర్తు చేరితే, దాన్ని తెర మీద గీయలేక ఐఫోన్లలో, ఐప్యాడ్‌లలో సందేశాల యాప్‌లు కుప్పకూలాయి. ఆపిల్ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి దాన్ని సరిచేసింది. కోట్లమంది రాసుకునే లిపిలోని ఒక అక్షరం పరికరాన్నే స్తంభింపజేసిందంటే, సన్నటి విండోలో తెగిన వత్తును ఎవరు పట్టించుకుంటారు?

కుప్ప మళ్లీ వచ్చింది

ఆపిల్ 2022లో స్టేజ్ మేనేజర్ పేరుతో ఐప్యాడ్‌లోకి కుప్పను తెచ్చింది. ఒకేసారి నాలుగు విండోలు, ఒకదాని మీద ఒకటి. 2025 సెప్టెంబరులో ఐప్యాడ్ ఓఎస్ 26తో ఇంకా ముందుకెళ్లి, మ్యాక్‌లో ఉన్నట్టే ఎరుపు, పసుపు, ఆకుపచ్చ గుర్తులతో, ఇష్టం వచ్చిన కొలతకు లాగుకునే విండోలు ఇచ్చింది. ఆ ఊపులో పాత పక్కపక్క పద్ధతినీ, అంచు నుంచి తేలి వచ్చే చిన్న విండోనూ తీసేసింది. విండోను అంచుకు విసిరితే సగంలో అతుక్కునే ఏర్పాటు ఉంది కాబట్టి మొదటిదానికి ప్రత్యామ్నాయం మిగిలింది. రెండోది పోయినందుకు మాత్రం జనం గోల పెట్టారు. ఆ తర్వాత వచ్చిన 26.1 అప్‌డేట్‌లో దాన్ని తిరిగి ఇవ్వాల్సి వచ్చింది. కాలిక్యులేటర్ లాంటి వాటికి పనికొచ్చే ఆ చిన్న విండోను ఎంతమంది నమ్ముకున్నారో కంపెనీకి తీసేశాకే తెలిసింది.

కీబోర్డు, మౌస్ తగిలించుకుని ట్యాబ్‌ని కంప్యూటర్‌లా వాడేవాళ్లకు కుప్ప మంచిదే. వాళ్ల చేతిలో బాణం ఉంది. ఉత్త వేలితో పనిచేసేవాళ్లకు అదే పద్ధతి అంటగట్టడం మాత్రం జిరాక్స్ వాళ్లు 1981లో వదిలించుకున్న చాకిరీని మళ్లీ నెత్తికెత్తడమే. రెండు పద్ధతులూ ఉండాలి, ట్యాబ్‌కి మౌస్ తగిలిస్తే ఒకటి, తీసేస్తే మరొకటి వాటంతట అవే రావాలి.

పెద్ద ట్యాబ్ కొనాలనుకునేవాళ్లకు ఒక మాట. అమ్మేవాడు చూపించే సినిమా ముక్క చూసి కొనకండి. కొట్లోనే మీరు రోజూ వాడే రెండు యాప్‌లు పక్కపక్కన తెరవమని అడగండి. మధ్య గీతను వేలితో జరపండి, మొదటిసారే దొరికిందో లేదో చూడండి. ఒకదానిలో తెలుగులో నాలుగు పంక్తులు టైపు చేసి, వత్తులు తెగకుండా ఉన్నాయా, కీబోర్డు వచ్చాక రెండో యాప్‌లో చదవడానికి ఏమైనా మిగిలిందా గమనించండి. చివరగా ట్యాబ్‌ని అడ్డం నుంచి నిలువుకు తిప్పండి. రాసిన నాలుగు పంక్తులూ ఉంటేనే డబ్బు తియ్యండి.